సున్నపురాళ్లను మైక్రోస్కోపులో గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ జియాలజీ ప్రాక్టికల్స్‌లో గ్రానైటు, బసాల్టు స్లైడ్ల గురించి గడగడా చెప్పేసే పిల్లలు సున్నపురాయి స్లైడ్ రాగానే తడబడతారు. గ్రానైటులో ఒక్కో ఖనిజం ఒక్కో రంగు చూపిస్తుంది, ఇందులో ఎటు తిప్పినా ఒకే ఖనిజం, ఒకే పాలిపోయిన రంగు. దాంతో "కాల్సైట్" అని సున్నపురాయిలోని ముఖ్య ఖనిజం పేరు రాసేసి పక్కన పెట్టేస్తారు. నిజానికి చూడాల్సింది అక్కడి నుంచే మొదలవుతుంది. తరచూ నా దగ్గరికి వచ్చే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణలు వీలైనంతవరకూ మన రాళ్ల నుంచే తీసుకున్నాను.

యాసిడ్ చుక్క వేస్తే తెలిసిపోతుంది కదా, మైక్రోస్కోప్ దేనికి?

యాసిడ్ చుక్క చెప్పేది ఖనిజం సంగతి మాత్రమే. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి కాల్సైట్ జోరుగా పొంగుతుంది, మెగ్నీషియం కూడా ఉన్న డోలమైట్‌ని పొడి చేస్తేనో యాసిడ్‌ని వేడి చేస్తేనో గానీ సరిగ్గా పొంగదు. అంతవరకే. ఆ రాయి అలలు కొట్టే చోట పేరుకుందా, కదలిక లేని నీళ్లలో పేరుకుందా, ఆ తర్వాత దానికి వాననీళ్లు తగిలాయా, భూమి లోతుకు కూరుకుపోయాక మారిందా, ఇవన్నీ స్లైడ్‌లోనే కనిపిస్తాయి. బేతంచెర్ల నుంచి వచ్చిన రెండు నాపరాళ్లు చేతిలో ఒకేలా ఉండొచ్చు, మైక్రోస్కోప్ కింద వాటి పుట్టుక వేరని తేలొచ్చు. రాళ్లను పలచగా అరగదీసి చూసే పద్ధతి మొదట్లో వాడింది కూడా ఇలాంటి రాయి మీదే. ఇంగ్లండ్‌లో హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1851లో ప్రచురించిన పరిశోధన యార్క్‌షైర్ తీరంలోని కాల్కేరియస్ గ్రిట్ అనే సున్నం కలిసిన ఇసుకరాయి మీద.

థిన్ సెక్షన్ ఎంత మందం ఉండాలి?

థిన్ సెక్షన్ అంటే స్లైడ్ మీద అతికించి పలచగా అరగదీసిన రాతి ముక్క. దాని మందం మామూలుగా 30 మైక్రాన్లు, అంటే 0.03 మిల్లీమీటర్లు. ఇతర రాళ్లలో క్వార్ట్జ్ ఫస్ట్ ఆర్డర్ గ్రే అనే బూడిద రంగు చూపిస్తే మందం సరిపోయిందని నమ్ముతాం. సున్నపురాయిలో క్వార్ట్జ్ ఉంటే అదృష్టం, లేకపోతే కాల్సైట్ రంగు చూసి మందం చెప్పడం కష్టం. కాల్సైట్ బైరిఫ్రింజెన్స్, అంటే దాని రెండు వక్రీభవన సూచికల మధ్య తేడా, 0.172. 30 మైక్రాన్ల మందానికి రిటార్డేషన్ (రెండుగా చీలిన వెలుతురులో ఒకటి ఇంకోదాని కంటే వెనకబడే దూరం) 5,000 నానోమీటర్లు దాటిపోతుంది, రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముత్యపు తెలుపులా కనిపిస్తాయి. మందం కొంచెం అటూ ఇటూ అయినా ఆ తెలుపు అలాగే ఉంటుంది.

సన్నటి బురదతో ఏర్పడిన రాయి అయితే ఇంకా పలచగా, 20 మైక్రాన్ల దగ్గరకు తేగలిగితే మంచిది. కారణం చిన్న లెక్కలో ఉంది. ఆ సున్నపు బురదని మిక్రైట్ అంటారు, దాని స్ఫటికం 4 మైక్రాన్ల లోపే ఉంటుంది, కాబట్టి 30 మైక్రాన్ల స్లైడ్‌లో ఏడెనిమిది స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వెలుతురు వాటన్నింటినీ దాటుకుని పైకి రావాలి. మిక్రైట్ నల్లగా, గోధుమరంగుగా, మసకగా కనబడటానికి చాలావరకు ఇదే కారణం. మురికి అనుకుని స్లైడ్‌ని తుడుస్తూ కూర్చోవద్దు.

స్లైడ్ పెట్టగానే మొదట ఏం చూడాలి?

మైక్రోస్కోపులో పెట్టకముందే స్లైడ్‌ని తెల్ల కాగితం మీద ఉంచి కంటితో చూడండి. పొరలు, పెద్ద గుల్లలు, పగుళ్లు, ఏ వైపు పైభాగం అన్న సూచనలు, ఇవన్నీ ఆ చూపులోనే దొరుకుతాయి. హై పవర్ ఆబ్జెక్టివ్‌తో మొదలుపెట్టినవాళ్లకి ఇవి ఎప్పటికీ దొరకవు. తర్వాత అన్నిటికంటే తక్కువ పవర్ ఆబ్జెక్టివ్, పైన ఎనలైజర్ (రెండో పోలరైజర్ పలక) తీసేసి ప్లేన్ లైట్‌లో. ఈ సంగతి గట్టిగా చెప్పాలి: కార్బొనేట్లలో (కాల్సైట్, డోలమైట్ లాంటి ఖనిజాల రాళ్లలో) నూటికి ఎనభై పాళ్లు చూడాల్సింది ప్లేన్ లైట్‌లోనే. క్రాస్డ్ నికల్స్ వేయగానే, అంటే ఎనలైజర్ లోపలికి తోయగానే, గుల్ల, సిమెంట్ (గింజల మధ్య ఖాళీల్లో పెరిగిన స్ఫటికాలు), బురద అన్నీ ఒకే మెరుపులో కలిసిపోయి అంచులు పోతాయి. గ్రానైట్ అలవాటుతో వెంటనే ఎనలైజర్ తోసేవాళ్లు సగం రాయిని చూడకుండానే వదిలేస్తున్నారు.

నేను పాటించే వరుస ఇది. గింజలు ఏమిటి? గింజల మధ్య ఏముంది? ఆ తర్వాత ఏం జరిగింది? ఈ మూడింటికీ జవాబు రాసుకున్నాకే పేరు పెట్టండి. వీటిలో రెండోదే ప్రాణం. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది కూడా దాన్నే.

కాల్సైట్ అని ఖాయంగా ఎలా చెప్పాలి?

ప్లేన్ లైట్‌లో స్టేజ్ (స్లైడ్ పెట్టే పళ్లెం) తిప్పండి. కాల్సైట్ ఒక దిశలో గట్టి అంచులతో ఉబ్బినట్టు, 90 డిగ్రీలు తిప్పితే అంచులు మాసిపోయినట్టు కనిపిస్తుంది. దాని వక్రీభవన సూచికలు 1.658, 1.486, రెండింటికీ అంత దూరం ఉంది. స్లైడ్ అతికించే జిగురు సూచిక సుమారు 1.54, ఈ రెండింటి మధ్యలో పడుతుంది. అందుకే తిప్పినప్పుడు రిలీఫ్ (అంచులు ఉబ్బినట్టు కనిపించడం) ఎక్కువ తక్కువలు అవుతుంది. డోలమైట్, అరగోనైట్ (కాల్సైట్ పదార్థమే, స్ఫటికం అమరిక వేరు) కూడా ఇలాగే చేస్తాయి కాబట్టి ఇది "కార్బొనేట్" అని మాత్రమే చెబుతుంది, కాల్సైట్ అని కాదు. రెండు దిశల్లో పదునైన క్లీవేజ్ గీతలు (స్ఫటికం చీలే దిశలు), పెద్ద స్ఫటికాల్లో ట్విన్ (జంట స్ఫటికాల) చారలు ఉంటాయి. ట్విన్ చారలు రాంబ్ (వాలిన చతురస్రం ఆకారం) పొడవాటి కర్ణానికి సమాంతరంగా ఉంటే కాల్సైట్ వైపు, పొట్టి కర్ణానికి సమాంతరంగా కూడా ఉంటే డోలమైట్ వైపు మొగ్గవచ్చు. కానీ ఇది పెద్ద స్ఫటికాలున్న పాలరాళ్లలో పనికొస్తుంది తప్ప సన్నటి సున్నపురాయిలో పెద్దగా అక్కరకు రాదు.

కాల్సైట్, డోలమైట్, అరగోనైట్‌లను కంటితో విడదీయగలమా?

నమ్మకంగా విడదీయలేం. బైరిఫ్రింజెన్స్ కాల్సైట్‌కి 0.172, డోలమైట్‌కి 0.18 దగ్గర, అరగోనైట్‌కి 0.155. ఈ తేడాని ఆ ముత్యపు తెలుపులో ఎవరూ పట్టలేరు. స్టెయిన్ చేయండి. అంటే రసాయనంతో ఖనిజానికి రంగు పట్టించడం. ఖర్చు తక్కువ, పని సులువు. స్టెయిన్ చేయని కార్బొనేట్ స్లైడ్ మీద పెద్ద పెద్ద తీర్మానాలు రాయడం నాకు అస్సలు నచ్చదు.

అందరూ వాడేది అలిజరిన్ రెడ్ ఎస్, పొటాషియం ఫెర్రీసైనైడ్ కలిపిన ద్రావణం. 1960ల్లో డిక్సన్ స్థిరపరచిన పద్ధతి ఇది. 1.5 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్లకు 0.2 గ్రాముల అలిజరిన్ ఒక బీకరులో, అదే యాసిడ్ 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఫెర్రీసైనైడ్ ఇంకో బీకరులో కలుపుకుని, మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు చేర్చాలి. కవర్ స్లిప్ వేయని స్లైడ్‌ని ముందు 1.5 శాతం యాసిడ్‌లో 10–15 సెకన్లు ముంచి, తర్వాత ఈ మిశ్రమంలో 30–45 సెకన్లు, చివర్లో ఒట్టి అలిజరిన్ ద్రావణంలో ఇంకో 10–15 సెకన్లు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా కడిగి ఆరబెట్టాలి. రుద్దితే రంగు పొర లేచిపోతుంది. ఫెర్రీసైనైడ్ ద్రావణాన్ని ఏ రోజుకారోజు తాజాగా కలుపుకోండి. దాన్ని గాఢమైన యాసిడ్‌తో కలపకూడదు, వేడి చేయకూడదు, విషవాయువు వస్తుంది. గాలి ఆడే చోట, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి.

ఇనుము లేని కాల్సైట్ గులాబీ నుంచి ఎరుపు రంగు తీసుకుంటుంది. ఇనుము ఉన్న కాల్సైట్ ఊదా నుంచి నీలం వరకు పోతుంది. మామూలు డోలమైట్‌కి రంగే పట్టదు, ఇనుము ఉన్న డోలమైట్‌కి పచ్చదనం కలిసిన నీలం వస్తుంది. అరగోనైట్‌కి కూడా కాల్సైట్ లాగే గులాబీ రంగు రావడం ఇక్కడ ఉన్న ఇబ్బంది, దాన్ని విడదీయాలంటే ఫైగల్ ద్రావణం అని వేరే ఉంది, అందులో అరగోనైట్ నల్లబడుతుంది. పాత రాళ్లలో అరగోనైట్ మిగలడం అరుదు కాబట్టి దాని అవసరం ఇప్పటి ఇసుకలు, లేత రాళ్ల దగ్గరే ఎక్కువ.

ఒక సలహా: స్లైడ్‌లో సగమే స్టెయిన్ చేయండి. రంగు కింద సన్నటి వివరాలు మరుగునపడతాయి, రెండో సగం అప్పుడు మిమ్మల్ని కాపాడుతుంది.

మిక్రైట్ ఏది, స్పార్ ఏది?

గింజల మధ్య ఉన్న దాని గురించిన ప్రశ్న ఇదే. తీరికగా చూడాల్సిన చోటు కూడా ఇదే.

మిక్రైట్ అంటే సున్నపు బురద, 4 మైక్రాన్ల లోపు స్ఫటికాలు, మసకగా గోధుమరంగు. స్పార్ అంటే గింజల మధ్య ఖాళీల్లో నీళ్లలోంచి పెరిగిన తేటైన కాల్సైట్. బురద నిలిచిందంటే నీళ్లకు దాన్ని కొట్టుకుపోయే బలం లేదు. బురద లేకుండా గింజలే మిగిలి వాటి మధ్య స్పార్ పెరిగిందంటే అలలో ప్రవాహాలో బురదను కడిగేశాయి. సముద్రం ఎంత జోరుగా ఉండేదో ఈ ఒక్క తేడా చెబుతుంది, అందుకే మొత్తం వర్గీకరణ దీని మీదే నిలబడి ఉంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కాలం గడిచేకొద్దీ మిక్రైట్ కూడా పెరిగి పెద్ద స్ఫటికాలుగా మారుతుంది. 5 నుంచి 30 మైక్రాన్ల దాకా పెరిగిన దాన్ని మైక్రోస్పార్ అంటారు. ఇంకా పెరిగితే తేటగా అయిపోయి సిమెంట్ అని మోసం చేస్తుంది. బురద రాయిని అలల రాయి అని రాసేసే ప్రమాదం ఇక్కడే. విడదీయడానికి కొన్ని గుర్తులున్నాయి. సిమెంట్ అయితే గింజ అంచు దగ్గర చిన్న స్ఫటికాలతో మొదలై ఖాళీ మధ్యకు పోయేకొద్దీ పెద్దవవుతాయి, స్ఫటికాల మధ్య హద్దులు తిన్నగా ఉంటాయి, గింజతో కలిసే గీత పదునుగా ఉంటుంది. మూడు స్ఫటికాలు కలిసే చోట ఒక కోణం 180 డిగ్రీలకు దగ్గరగా ఉంటే, అంటే ఒక స్ఫటికం ముఖానికి మిగిలిన రెండూ వచ్చి ఆనుకుంటే, సిమెంట్ అనడానికి అది మంచి సాక్ష్యం. బురద మారి ఏర్పడిన దాంట్లో హద్దులు వంకర టింకరగా, సైజులు ఎక్కడికక్కడ వేరుగా ఉంటాయి, మధ్యలో మారకుండా మిగిలిన మిక్రైట్ మచ్చలు తేలుతుంటాయి, పక్కనున్న గుల్లల్లోకి కూడా చొచ్చుకుపోయి ఉంటుంది.

ఇంకో గట్టి పరీక్ష గింజల అమరిక. గింజలు ఒకదాన్నొకటి ఆనుకోకుండా తేటైన స్పార్‌లో తేలుతూ కనిపిస్తే అనుమానించండి. ఖాళీలో గింజ గాల్లో నిలబడదు కదా, దాన్ని ఎప్పుడో ఏదో బురద మోసి ఉండాలి. అయితే స్లైడ్ అనేది రెండు దిశల కోత మాత్రమే కాబట్టి, కోతకి పైనో కిందో ఆనుకుని ఉండే గింజల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడక్కడ రెండు గింజలు విడిగా కనిపించినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు.

ఫోక్ వర్గీకరణా, డన్‌హామ్ వర్గీకరణా?

రెండూ రాయండి, ఒకటి ఇంకోదానికి అడ్డు రాదు. ఫోక్ 1959లో, 1962లో ఇచ్చిన పద్ధతి గింజ ఏమిటో, మధ్యలో ఏముందో ఒకే పేరులో కలిపేస్తుంది: ఊస్పరైట్ (ఊయిడ్లు అనే పొరల గింజలు, మధ్యలో స్పార్), బయోమిక్రైట్, పెల్‌స్పరైట్, ఇంట్రాస్పరైట్. డన్‌హామ్ 1962లో ఇచ్చింది గింజలు ఒకదాన్నొకటి ఆనుకున్నాయా, బురద వాటిని మోస్తోందా అని అడుగుతుంది. బురద మోస్తూ గింజలు 10 శాతం లోపు ఉంటే మడ్‌స్టోన్, 10 దాటితే వాకీస్టోన్. గింజలే ఆనుకుని ఉండి మధ్యలో బురద ఉంటే ప్యాక్‌స్టోన్, బురద అసలు లేకపోతే గ్రెయిన్‌స్టోన్. పేరుకునేటప్పుడే జీవులు కట్టి పట్టి ఉంచితే బౌండ్‌స్టోన్. జీవులు కట్టిన దిబ్బల (రీఫ్) రాళ్లకి ఇది చాలకపోవడంతో 1971లో ఎంబ్రీ, క్లోవన్ ఫ్లోట్‌స్టోన్, రుడ్‌స్టోన్ లాంటివి చేర్చారు, 2 మిల్లీమీటర్ల కంటే పెద్ద గింజలు 10 శాతం దాటితే వాటి అవసరం వస్తుంది.

నా మటుకు డన్‌హామ్ పేరు ముందు, దాని ముందు గింజల పేరు: "ఊయిడ్ గ్రెయిన్‌స్టోన్". చదివేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త, డన్‌హామ్ మడ్‌స్టోన్ అన్నది సున్నపు బురద గురించి, బంకమట్టి రాయికి వాడే మడ్‌స్టోన్‌తో కలిపేయొద్దు.

ఊయిడ్లు, పెలాయిడ్లు, ఇంట్రాక్లాస్టులు ఒకేలా గుండ్రంగా ఉంటే?

కోతలో పొరలు చూడండి. ఊయిడ్‌కి మధ్యలో ఒక గింజ, అది క్వార్ట్జ్ ముక్కో గుల్ల పెచ్చో, దాని చుట్టూ ఉల్లిపాయలా పొరలు, సైజు 2 మిల్లీమీటర్ల లోపు. 2 దాటితే పిసాయిడ్. పెలాయిడ్‌కి లోపల ఏ నిర్మాణమూ ఉండదు, ఒట్టి మిక్రైట్ ముద్ద. చాలావరకు జీవుల మలం, కొన్ని మాత్రం ఒకప్పటి గుల్లలు పూర్తిగా మిక్రైట్ అయిపోయినవి. ఇంట్రాక్లాస్ట్ అంటే అప్పుడప్పుడే గట్టిపడుతున్న అడుగు పొర చిరిగి ముక్కైనది, లోపల చిన్న గింజలు, పొరలు కనిపించవచ్చు, అంచులు కోసినట్టు ఉంటాయి.

ఊయిడ్ పొరలు తొలుత అరగోనైటా కాల్సైటా అన్నది కూడా చూడొచ్చు. బహమాస్ తీరంలో ఇప్పుడు తయారవుతున్న ఊయిడ్లు అరగోనైట్ సూదులు పొరకి సమాంతరంగా పడుకున్నవి. అలాంటివి పాతబడితే లోపలి నిర్మాణం కరిగిపోయి స్పార్‌తో నిండుతుంది. మధ్యనుంచి బయటికి చక్రం ఆకుల్లా సూదులు చక్కగా మిగిలి ఉంటే అవి మొదట్నుంచీ కాల్సైట్ అయ్యుండే అవకాశం ఎక్కువ.

గుల్లల ముక్కలు చూసి ఏ జీవిదో ఎలా చెప్పాలి?

అందరూ భయపడేది దీనికే, కానీ కార్బొనేట్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఆకారాన్ని నమ్ముకోవద్దు, ఒకే గవ్వ కోసిన తీరుని బట్టి గీతలా, వంపులా, ఉంగరంలా కనిపిస్తుంది. గోడ లోపలి నిర్మాణం చూడండి.

ఎకైనాయిడ్ (సముద్రపు ముళ్లజీవి), క్రైనాయిడ్ (సముద్రపు లిల్లీ) ముక్కలతో మొదలుపెట్టండి, ఇవి సులువు. ముక్క మొత్తం ఒకే స్ఫటికం, క్రాస్డ్ నికల్స్‌లో తిప్పితే ఒక్కసారే మొత్తం ఆరిపోతుంది, ప్లేన్ లైట్‌లో జల్లెడ లాంటి సన్న రంధ్రాల వల్ల మురిగ్గా ఉంటుంది. దాని చుట్టూ తేటైన కాల్సైట్ అదే దిశలో పెరిగి, అదీ కలిసే ఆరిపోతుంది. బ్రేకియోపాడ్ (రెండు చిప్పల సముద్రజీవి) గుల్ల కాల్సైట్, సన్నటి నారలు గుల్ల ఉపరితలానికి చిన్న కోణంలో పడుకుని ఉంటాయి. ట్రైలోబైట్ (అంతరించిపోయిన కీళ్లకాళ్ల సముద్రజీవి) ముక్క చివర కొంకిలా వంగి ఉంటుంది, స్టేజ్ తిప్పితే నల్లటి పట్టీ ఆ వంపు వెంట పాకుతూ పోతుంది. ఆస్ట్రకాడ్‌లు చిన్నవి, పలచటి రెండు చిప్పలు ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చి ఉంటాయి. ఫొరామినిఫెరాలకి (గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు) గదులు ఉంటాయి. ఎర్ర ఆల్గేలో చాలా సన్నటి కణాల వల, మొత్తం ముదురుగా ఉంటుంది.

గవ్వలు, నత్తల సంగతి వేరు. వాటిలో చాలావాటి గోడ అరగోనైట్. అది కరిగిపోయి ఆ ఖాళీలో స్పార్ నిండుతుంది, దాంతో లోపలి నిర్మాణం ఏమీ మిగలదు, బయటి గీత మాత్రం ఉంటుంది. ఆ గీత నిలిచేది ఎలాగంటే, కరగకముందే సన్నటి జీవులు గుల్లను తొలిచి, ఆ రంధ్రాలు మిక్రైట్‌తో నిండి చుట్టూ నల్లటి కవచం ఏర్పడుతుంది. అరగోనైట్ గుల్లలు పోయి కాల్సైట్ గుల్లలు నిలుస్తాయన్న సంగతిని సోర్బీ 1879లోనే లండన్ జియొలాజికల్ సొసైటీ ముందు వివరించాడు.

దీన్ని మన దగ్గర కళ్లారా చూడాలంటే రాజమండ్రి చుట్టుపక్కల బసాల్టు ప్రవాహాల కింద, మధ్య ఉన్న సున్నపురాళ్లు చూడాలి. దూదుకూరు దగ్గర ట్రాప్ (బసాల్టు ప్రవాహం) కింద ఉన్న పొరలో టరిటెల్లా నత్తలు, కాటేరు, గౌరీపట్నం, పంగిడి వైపు ట్రాప్‌ల మధ్య పొరల్లో ఆయిస్టర్ గుల్లలు దొరుకుతాయి. ఆయిస్టర్ కాల్సైట్ కాబట్టి దాని ఆకుల లాంటి పొరలు స్లైడ్‌లో తాజాగా ఉంటాయి, టరిటెల్లా అరగోనైట్ కాబట్టి తరచూ స్పార్‌తో నిండిన అచ్చుగా ఉంటుంది. ట్రాప్‌ల మధ్య పొరల్లోనే కారా మొక్క గింజలు కూడా ఉన్నాయి, కోతలో అంచు పళ్ల చక్రంలా ఉండే చిన్న గుండ్రాలు. కారా మంచినీళ్లలో, తక్కువ ఉప్పు నీళ్లలో పెరిగే మొక్క. దాన్ని, సముద్రపు ఫొరామినిఫెరాని దగ్గర దగ్గరగా చూస్తే అక్కడ ఒకప్పుడు నది, సముద్రం కలిసే చోటు ఉండేదన్న సంగతి చేతికి అందినట్టే. అక్కడి తేలే ఫొరామినిఫెరాల ఆధారంగానే ఆ పొరలు డైనోసార్లు పోయిన వెంటనే వచ్చిన డేనియన్ కాలానివని తేలింది.

కడప, కర్నూలు సున్నపురాళ్లలో ఎంత వెతికినా గుల్లలు లేవు. నా స్లైడ్ బాగాలేదా?

స్లైడ్ బాగానే ఉంది, ఆ రాళ్లలో గుల్లలు లేవు. కడప బేసిన్ రాళ్లు గుల్ల కట్టుకునే జీవులు రాకముందటి కాలానివి. వేంపల్లె డోలమైట్‌కి పైనున్న తాడిపత్రి శిలల్లోకి చొరబడిన పులివెందుల సిల్ (పొరల మధ్య పలకలా గట్టిపడిన శిలాద్రవం) వయసే సుమారు 188.5 కోట్ల ఏళ్లు, వేంపల్లె అంతకంటే పాతది. గుల్లల్ని వెతకడం మానేసి సూక్ష్మజీవుల పనిని వెతకండి. వేంపల్లెలో అవి కట్టిన స్ట్రోమటొలైట్ పొరలు ఉంటాయి: స్లైడ్‌లో ముదురు సన్న పొర, లేత మందపు పొర ఒకదాని తర్వాత ఒకటి, తిన్నగా కాకుండా ముడతలుగా, మధ్యలో క్వార్ట్జ్ సిల్ట్ చిక్కుకుని. ఇంకా ఊయిడ్లు, ఇంట్రాక్లాస్టులు, డోలమైట్ స్థానంలోకి వచ్చిన చెర్ట్ (సన్నటి సిలికా) ఉంటాయి. తుమ్మలపల్లె దగ్గర యురేనియం ఉన్న పొరల్లో ఫాస్ఫేట్ కూడా ఉంటుంది, ప్లేన్ లైట్‌లో గోధుమరంగు, క్రాస్డ్ నికల్స్‌లో దాదాపు నల్లగా. కార్బొనేట్ మెరుపు మధ్య ఆ నలుపు వెంటనే పట్టుబడుతుంది.

కర్నూలు గ్రూపులోని నార్జి సున్నపురాయి ఇంకో రకం. ఇంటి గచ్చుల్లో వేసే నాపరాయి చాలావరకు ఇదే కుటుంబం. స్లైడ్‌లో ఎక్కువగా మిక్రైట్, మైక్రోస్పార్, సన్నటి బంకమట్టి పొరలు, అక్కడక్కడ చతురస్రంగా పైరైట్ గింజలు. పైరైట్ వెలుతురు దాటనివ్వదు, పక్క నుంచి టార్చ్ వేసి చూస్తే పసుపు మెరుపు వస్తుంది. రంపం పళ్లలా నడిచే నల్లటి గీతలు స్టైలొలైట్లు, పైనున్న బరువుకి రాయి కరిగి, కరగని మట్టి అక్కడ మిగిలింది. చూడటానికి ఏమీ లేదని ఈ రాయిని తొందరగా వదిలేస్తారు, పొర పొరకీ స్ఫటికం సైజు కొలిచి చూస్తే ఎంత మార్పు జరిగిందో తెలుస్తుంది.

రాంబ్ ఆకారం కనిపిస్తే డోలమైటే కదా?

చాలాసార్లు అవును, ప్రతిసారీ కాదు. డోలమైట్ తర్వాత మళ్లీ కాల్సైట్‌గా మారినా రాంబ్ ఆకారం అలాగే ఉంటుంది, స్టెయిన్ చేస్తే గులాబీ రంగు బయటపెడుతుంది. మధ్యలో మసక, అంచుల్లో తేటగా ఉండే రాంబ్‌లు డోలమైట్‌లో మామూలే. స్ఫటికం అంచులు వంగి, తిప్పినప్పుడు ఆరిపోవడం అలలా జరిగితే అది జీను డోలమైట్, వేడి ద్రావణాలు పారిన గుర్తు. మొత్తం డోలమైట్‌గా మారిన రాయిలో పాత గింజలు పోయాయని అనుకోకండి. స్లైడ్ కింద ఒక తెల్ల కార్డు ముక్క పెట్టి, పైనుంచి వెలుతురు వేసి చూడండి. పోయాయనుకున్న ఊయిడ్ల నీడలు చాలాసార్లు తేలతాయి.

సిమెంట్‌ని చూసి చరిత్ర చెప్పడం ఎలా?

ఏది దేన్ని కోసింది, ఏది దేని మీద పెరిగింది అన్న వరుస పట్టుకోవాలి. గింజ చుట్టూ అన్ని వైపులా ఒకే మందంతో నారల అంచు ఉంటే అది సముద్రపు నీళ్లు ఖాళీలన్నీ నింపిన చోట పెరిగింది. గింజ కింది వైపే వేలాడుతూ ఉంటే, లేదా రెండు గింజలు తాకే చోట మాత్రమే వంపుగా ఉంటే, నీళ్లు పూర్తిగా నిండని చోటు, అంటే నీటిమట్టానికి పైన, వాననీళ్లు ఇంకిపోతున్న చోటు. సమాన సైజు తేట స్ఫటికాలు నీటిమట్టం కిందివి కావచ్చు, లోతులో ఏర్పడినవీ కావచ్చు, స్టెయిన్‌లో నీలం వస్తే లోతు వైపే మొగ్గండి, ఎందుకంటే గాలి తగలని నీళ్లలోనే ఇనుము కాల్సైట్‌లోకి ఎక్కుతుంది. వాననీళ్ల సిమెంట్ చూడాలంటే గుజరాత్‌లో సౌరాష్ట్ర తీరపు మిలియొలైట్ సున్నపురాయి, వ్యాపారంలో పోర్‌బందర్ రాయి అనేది, మంచి ఉదాహరణ. కేథడొల్యూమినెసెన్స్ (ఎలక్ట్రాన్లు తగిలించి ఖనిజాన్ని వెలిగించే) పరికరం ఉన్న ల్యాబ్ దొరికితే సిమెంట్ పొరలు ఒక్కొక్కటిగా విడిపోతాయి: మాంగనీసు ఉంటే నారింజ వెలుగు, ఇనుము ఎక్కువైతే ఆ వెలుగు ఆరిపోతుంది.

పాలరాయి, సున్నపురాయి స్లైడ్‌లో తేడా?

పాలరాయిలో గింజ, సిమెంట్, బురద అన్న తేడాలే ఉండవు. పెద్ద కాల్సైట్ స్ఫటికాలు ఒకదానికొకటి అమరిపోయి, ట్విన్ చారలతో నిండి ఉంటాయి. బొర్రా గుహల దగ్గరి తూర్పు కనుమల రాయి అలాంటిది, డయాప్సైడ్ లాంటి ఖనిజాలు కూడా కలిసి ఉంటాయి. అమరావతి స్తూపం శిల్పాలను పాలరాతివని చాలామంది రాస్తుంటారు, ఆ రాయి పలనాడు సున్నపురాయి, అంత వేడి చూసిన రాయి కాదు.

రాయి కాదు, వదులు ఇసుక, బురద తెచ్చాను. ఎలా?

ఇసుకను మంచినీళ్లతో కడిగి ఉప్పు తీసేసి, ఆరబెట్టి, ఎపాక్సీ రెసిన్‌లో ముద్దగా గట్టిపరచి మామూలు రాయిలాగే కోయించండి. బురదైతే స్మియర్ స్లైడ్ చాలు: టూత్‌పిక్ కొనతో కొంచెం తీసి, స్లైడ్ మీద నీటి చుక్కలో పలచగా పరిచి, ఆరాక జిగురు, కవర్ స్లిప్. ఇక్కడ మాత్రం క్రాస్డ్ నికల్స్ పనికొస్తాయి. కాకోలిత్‌లు (సన్నటి సముద్రపు నాచు కట్టుకునే సున్నపు పలకలు) 10 మైక్రాన్ల లోపు చిన్న గుండ్రాలుగా, మధ్యలో నల్లటి శిలువ గుర్తుతో మెరుస్తాయి. ఇప్పటి ఇసుకలో అరగోనైట్ ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి ఫైగల్ ద్రావణం ఉపయోగం కూడా ఇక్కడే.

శాతాలు కంటితో అంచనా వేస్తే సరిపోతుందా?

వర్గీకరణకి కంపారిజన్ చార్టు పక్కన పెట్టుకుని చూస్తే సరిపోతుంది. అంకెలు ప్రచురించాలంటే పాయింట్ కౌంటింగ్ చేయండి, అంటే స్లైడ్ మీద సమాన దూరంలో ఒక్కో బిందువు కింద ఏముందో లెక్కపెట్టండి, ఒక స్లైడ్‌కి 300 పాయింట్లు మామూలుగా తీసుకునే లెక్క. పాయింట్ల మధ్య దూరం గింజల సైజు కంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒకే గింజ రెండు మూడుసార్లు లెక్కలోకి వస్తుంది.

నేర్చుకోవడానికి ఏ రాళ్లతో మొదలుపెట్టాలి?

మూడు చాలు. బండలు కోసే యార్డులో పడేసిన నాపరాయి ముక్క ఒకటి, అడిగితే ఊరికే ఇస్తారు. వేంపల్లె వైపు స్ట్రోమటొలైట్ డోలమైట్ ఒకటి, గౌరీపట్నం క్వారీ వైపు గుల్లలున్న సున్నపురాయి ఒకటి. క్వారీలోకి యజమాని అనుమతి తీసుకునే వెళ్లండి, గోడ కింద నిలబడకుండా రాలి పడిన ముక్కలే ఏరుకోండి. ప్రతి ముక్క మీద పైవైపు ఏదో మార్కర్‌తో బాణం గీసి, పొరలకు నిలువుగా కోయించండి. ఒక్కోదానికి రెండు స్లైడ్లు చేయించి ఒకటి కవర్ స్లిప్ లేకుండా స్టెయినింగ్ కోసం ఉంచండి. మొదటి వారం ఎనలైజర్ జోలికి వెళ్లకుండా, కనిపించింది పెన్సిల్‌తో బొమ్మ గీయండి, ఫోటో తర్వాత తీసుకోవచ్చు. గీయాలంటే ప్రతి హద్దు దగ్గరా ఆగి, ఇది గింజ అంచా, సిమెంట్ అంచా అని తేల్చుకోక తప్పదు.